మా అమ్మాయి సముద్రంలోకి దిగుతానంటోంది

ప్రశ్న:

అమ్మా, మాది విజయవాడ. ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఆటోలకీ కార్లకీ గ్యాస్ కిట్లు బిగించే షెడ్డు నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. మార్కులు బాగానే వస్తాయి. నీట్ రాయించి డాక్టర్‌ని చేద్దామని మా ఆశ. నెల క్రితం హాస్టల్ నుంచి ఇంటికొచ్చి, ‘నాన్నా, నేను లాంగ్ టర్మ్‌కి వెళ్లను, సముద్రం అడుగున ఉండే జీవుల్ని సినిమా తీసే పని నేర్చుకుంటాను’ అంది. కూస్టో అనే ఫ్రెంచి ఆయన పాత సినిమాలు ఫోన్‌లో చూసిందట. మా ఆవిడ ఒకటే ఏడుపు. చుట్టాలు ‘ఆడపిల్లని సముద్రంలోకి తోసేస్తావా’ అంటున్నారు. ఇంకో సంగతి నేను ఎవరితోనూ చెప్పుకోలేను. నా తమ్ముడు పద్నాలుగో ఏట కృష్ణలో మునిగి పోయాడు. నేను గట్టు మీదే ఉన్నాను. ఆ తర్వాత పుష్కరాలకి కూడా నేను నదిలో కాలు పెట్టలేదు. పిల్లకి ఈత నేర్పించింది కూడా మా ఆవిడ పట్టుబట్టబట్టే. అసలు ఆ కూస్టో ఎవరు? అది బతుకుతెరువు అవుతుందా? ఒప్పుకుంటే నా పిల్లని నేనే పోగొట్టుకున్నవాడిని అవుతానా?

– ఒక తండ్రి, విజయవాడ

సమాధానం:

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి. కానీ ఆ జవాబు మీ షెడ్డులోనే మొదలవుతుంది, అందుకని అక్కడి నుంచే వస్తాను. గుంటూరులో చాలా ఏళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పినదాన్ని. మీరు చేసే పని పేరు చదవగానే నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకో చెబుతాను.

1942 డిసెంబరు. పారిస్ జర్మన్ల చేతిలో ఉంది. పెట్రోలు దొరకడం లేదు. దాంతో కార్లని గ్యాస్‌తో నడపడానికి ఎమీల్ గన్యాన్ అనే ఇంజనీరు ఒక చిన్న వాల్వు తయారుచేశాడు. ఇంజన్ ఎంత గ్యాస్ లాగితే అంతే వదులుతుంది, లాగనప్పుడు మూసుకుంటుంది. ఆయన దగ్గరికి ముప్పై రెండేళ్ల నౌకాదళ అధికారి ఒకరు వచ్చారు. నీటి అడుగున మనిషి ఊపిరి తీసుకున్నప్పుడే, ఆ లోతుకి తగిన ఒత్తిడితో గాలి ఇచ్చే పరికరం కావాలి అని ఆయన కోరిక. గన్యాన్ ఆ కారు వాల్వు చూపించాడు. ఇలాంటిదేనా అని అడిగాడు. ఆ వచ్చిన అధికారే జాక్ ఈవ్ కూస్టో. గన్యాన్ పనిచేసే కంపెనీలో కూస్టో మామగారు పెద్ద హోదాలో ఉండేవారు, ఆ పరిచయంతోనే ఇద్దరూ కలిశారు.

అంటే మీ అమ్మాయి ఏ పరికరాన్ని నోట పెట్టుకుని సముద్రంలోకి దిగాలనుకుంటోందో, అది పుట్టింది మీ వృత్తిలో. మీరు రోజూ చేత్తో విప్పి బిగించే రెడ్యూసర్‌కి, అంటే సిలిండర్ గ్యాస్ ఒత్తిడి తగ్గించి ఇంజన్‌కిచ్చే భాగానికి, అది తోబుట్టువు. సీఎన్‌జీ సిలిండర్‌లో సుమారు 200 బార్ ఒత్తిడి, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు. నీటి అడుగున ఊపిరి కోసం వీపున మోసుకెళ్లే స్కూబా సిలిండర్‌లో కూడా ఇంచుమించు అంతే. అది మొదటి దశలో పది బార్ల దరిదాపుకి దిగుతుంది, రెండో దశ నోటి దగ్గర. మీ దగ్గర ఇంజన్ వ్యాక్యూమ్ డయాఫ్రమ్‌ని, అంటే లోపలి పలచటి పొరని లాగితే వాల్వు తెరుచుకుంటుంది, అక్కడ మనిషి ఊపిరి లాగుతుంది. మీ సిలిండర్లకి మూడేళ్లకోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్టు ఉన్నట్టే దానికీ గడువు ప్రకారం పరీక్ష ఉంటుంది. తేదీ దాటిన సిలిండర్‌ని మీరు బండికి ఎక్కించరు కదా. అక్కడా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్లు ఎక్కించరు.

మొదటి పరీక్ష ఎలా జరిగిందో చెబితే మీకు నచ్చుతుంది. 1943 జనవరి చలిలో, పారిస్ పక్కన మార్న్ నదిలో కూస్టో దిగాడు. అడ్డంగా ఈదితే గాలి సరిగ్గా వస్తోంది. నిలువుగా నిలబడితే బుసబుసమని వృథాగా పోతోంది. తలకిందులైతే అసలు రావడమే కష్టంగా ఉంది. ఇద్దరూ విసుగ్గా ఇంటికి బయలుదేరారు. దారిలోనే తప్పు ఎక్కడుందో పట్టుకున్నారు. వదిలిన గాలి బయటికి పోయే గొట్టం చివర, గాలి లోపలికి వచ్చే డయాఫ్రమ్ వేర్వేరు ఎత్తుల్లో ఉన్నాయి. నీటిలో జానెడు ఎత్తు తేడా అయినా ఒత్తిడి తేడానే. రెండింటినీ పక్కపక్కనే పెట్టారు, సమస్య పోయింది. ఆ ఏడాది వేసవిలో మధ్యధరా సముద్రంలో ఆ పరికరంతో దిగాడు, దాని పేరే ఆక్వాలంగ్. ఆయన భార్య సిమోన్ నీటి పైన ఈదుతూ, ముఖం నీటిలో పెట్టి ఆయన్నే చూస్తూ ఉంది. డ్యూమా అనే స్నేహితుడు ఒడ్డున సిద్ధంగా కూర్చున్నాడు, ఏదన్నా అయితే దూకడానికి. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ఆయన ఎవరు అన్నారు. 1910 జూన్ 11న ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర చిన్న ఊళ్లో పుట్టాడు. నౌకాదళంలో చేరి విమానం నడపాలనుకున్నాడు. కారు ప్రమాదంలో రెండు చేతులూ విరిగాయి. పైలట్ ఆశ అక్కడితో సరి. చేతులకి బలం రావడానికి టూలోన్ దగ్గర సముద్రంలో ఈదుతుంటే, 1936లో ఒక స్నేహితుడు కళ్లద్దాల లాంటి గాగుల్స్ ఇచ్చాడు. నీటి లోపల మొదటిసారి చూశాడు, ఆ చూపుతోనే ఆయన బతుకు దిశ మారిపోయింది. మొదట స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో దిగే పరికరం ప్రయత్నించి, రెండుసార్లు ఫిట్స్ వచ్చి చావు తప్పించుకున్నాడు. లోతుకి వెళ్తే ఆక్సిజన్ కూడా విషమేనని అలా ఒంటి మీదకి తెచ్చుకుని తెలుసుకున్నాడు.

సినిమా సంగతి కూడా అలాంటిదే. చిన్నప్పుడే మూవీ కెమెరా కొనుక్కున్నాడు. యుద్ధకాలంలో సినిమా రీళ్లు దొరక్కపోతే, ఫోటో కెమెరాల్లో వాడే చిన్న చుట్టలు కొని, దుప్పటి కింద చీకట్లో ఒకదానికొకటి అతికించి రీలు చేసుకున్నారు. 1942లో తీసిన మొదటి సినిమా పద్దెనిమిది మీటర్ల లోతుది, అప్పటికి ఆక్వాలంగ్ ఇంకా లేదు, ఊపిరి బిగబట్టి దిగి తీసిందే. కెమెరా నీటిలో తడవకుండా పెట్టె కావాలి, పైన బిగువైన రబ్బరు వాషర్లు కావాలి. అక్కడ వెలుతురు కూడా నేల మీద లాంటిది కాదు. నీరు ఎరుపు రంగుని ముందు మింగేస్తుంది. లోతులో ఈటె తగిలిన చేప నుంచి కారిన రక్తం పచ్చగా కనపడిందని ఆయన జట్టు రాసిపెట్టింది. పైకి తెచ్చేకొద్దీ ఎర్రబడిందట. అందుకే దీపాలు మోసుకెళ్లారు. దీపం వెయ్యగానే బూడిద రంగు బండ అనుకున్నది నెత్తురు ఎరుపుతో, నారింజ రంగుతో వెలిగిపోయిందంటే, అప్పటివరకు ఏ మనిషీ చూడని రంగులవి. మీ అమ్మాయి ఫోన్‌లో చూసి మనసు పారేసుకుంది ఆ రంగుల మీదే అని నా ఊహ.

1950లో ఒక ధనవంతుడు సముద్రంలో మందుపాతరలు ఏరే పాత మైన్‌స్వీపర్ పడవ ఒకటి కొని, ఏడాదికి ఒక ఫ్రాంకు అద్దెకి ఇచ్చాడు. అదే కాలిప్సో. దాన్ని సిద్ధం చేయడానికి సిమోన్ తన నగలు అమ్మింది. సముద్రం మీద భర్త కంటే ఎక్కువ రోజులు గడిపింది ఆవిడే అంటారు, నావికులు ఆవిడని ‘గొర్రెల కాపరి’ అని పిలుచుకునేవారు. 1956లో ‘ది సైలెంట్ వరల్డ్’ సినిమాకి కాన్ సినిమా ఉత్సవంలో పెద్ద బహుమతి, మరుసటి ఏడాది ఆస్కార్. తర్వాత టీవీ ధారావాహికతో ప్రపంచమంతా ఆయన ఎర్ర టోపీని గుర్తుపట్టింది. 1997 జూన్ 25న పారిస్‌లో పోయాడు, 87 ఏళ్ల వయసులో.

ఇంత చెప్పి ఆయన్ని దేవుణ్ని చేసి మీ చేతిలో పెట్టను. ఆ బహుమతి వచ్చిన సినిమాలోనే, కాలిప్సో అడుగున నీటిలో తిరిగే పంకా తగిలి గాయపడిన తిమింగలం పిల్లని బాధ తీర్చడానికి చంపేస్తారు. దాని కోసం వచ్చిన సొరచేపల్ని నావికులు కసిగా నరికేస్తారు. ఇంకో చోట, ఎన్ని రకాల చేపలున్నాయో లెక్కపెట్టడానికి పగడపు దిబ్బ దగ్గర డైనమైట్ పేలుస్తారు. అవి చూసి నాకు కళ్లు తిప్పుకోవాలనిపించింది. ఆ తర్వాత ఆయన మారాడు. 1960లో రేడియోధార్మిక వ్యర్థాల్ని మధ్యధరాలో పడేయాలనుకుంటే ఎదురు నిలబడ్డాడు, 1973లో సముద్రాల రక్షణకి సంస్థ పెట్టాడు. అంటార్కిటికాలో గనులు తవ్వొద్దని లక్షల సంతకాలు కూడగట్టాడు, 1991లో దేశాలు ఆ నిషేధానికి ఒప్పుకున్నాయి. మీరూ మీ అమ్మాయీ కలిసి ఆ సొరచేపల సన్నివేశం చూడండి. నువ్వైతే ఆ కెమెరా పట్టుకుని ఏం చేసేదానివి అని అడగండి. ఆ జవాబులో ఆ పిల్ల గురించి మీకు చాలా తెలుస్తుంది. నీట్ ర్యాంకులో అది తెలియదు.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి.

నాయనా, గట్టు మీద ఉండి చూసిన మనిషికి నేను ధైర్యం చెప్పబోను. ఆ రోజు మీరు చిన్నపిల్లాడు. మీకు ఈత వచ్చి ఉన్నా ఆ నీటిలోంచి ఒక మనిషిని పైకి తేవడం పెద్దవాళ్లకే కష్టం. బ్యారేజీ దిగువన గుంటలుంటాయి, ఇసుక తవ్విన చోట అడుగు ఒక్కసారిగా పోతుంది, పైకి నీరు ప్రశాంతంగానే కనిపిస్తుంది. అది మీ తప్పు కాదని ఈ ఇరవై ముప్పై ఏళ్లలో ఎవరన్నా మీతో అన్నారో లేదో, నేను అంటున్నాను.

కానీ మీ తమ్ముడు పోయిన నీరు, మీ అమ్మాయి దిగాలనుకుంటున్న నీరు ఒకటి కాదు. నది అతన్ని తీసుకుపోయినప్పుడు అతని దగ్గర గాలి లేదు, శిక్షణ లేదు, చెయ్యి అందించే దూరంలో మనిషి లేడు. డైవింగ్ నియమాలన్నీ ఈ మూడింటి చుట్టూ తిరుగుతాయి. ఒంటరిగా దిగకూడదు. జోడీ వదలకూడదు. పక్కవాడి గాలి అయిపోతే ఇవ్వడానికి ప్రతి ఒక్కరి దగ్గరా ఇంకో మౌత్‌పీస్ ఉంటుంది. సిలిండర్‌లో 50 బార్ మిగిలి ఉండగానే పైకి వచ్చేయాలి. పైకి వచ్చేటప్పుడు నెమ్మదిగా, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి రెట్టింపుకి ఉబ్బుతుంది. మీకు వేరే చెప్పక్కర్లేదు, మూసిన పాత్రలో గ్యాస్ ఉబ్బితే ఏమవుతుందో మీ పనిలో రోజూ జాగ్రత్తపడేదే.

ప్రమాదం లేదని మాత్రం అనను. కూస్టో జట్టులోనే 1947లో మోరిస్ ఫార్గ్ చనిపోయాడు. తాడుకి కట్టిన పలకల మీద సంతకం పెడుతూ ఎంత లోతుకి పోగలమో చూసే పరీక్ష అది. 120 మీటర్ల పలక మీద అతని సంతకం ఉంది, పైకి లాగేసరికి ప్రాణం లేదు. అంత లోతులో గాలిలోని నైట్రోజనే మత్తెక్కిస్తుంది, మంచీ చెడూ తెలియదు. ఇప్పుడు కొత్తగా నేర్చుకున్నవాళ్లని 18 మీటర్లు దాటనివ్వరు. కూస్టో చిన్న కొడుకు ఫిలిప్ కూడా చిన్న వయసులో పోయాడు. 1979లో, లిస్బన్ దగ్గర, నీటి విమానం కూలి.

నా అనుభవం ఒకటి. యాభై దాటాక మా అమ్మాయితో అండమాన్ వెళ్లినప్పుడు ఒక్కసారి దిగాను. మూడు మీటర్లకే చెవిలో సూది గుచ్చినట్టయింది. నేర్పించే అబ్బాయి నా చెయ్యి పట్టుకుని వెంటనే కాస్త పైకి తెచ్చి, ముక్కు మూసి మెల్లగా ఊదమని సైగ చేశాడు. చెవి తేలికపడింది. ఆరు మీటర్ల దగ్గర కూర్చుని నా ఊపిరి శబ్దం నేను విన్నాను, నా జీవితంలో అంత నిదానంగా ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు. కానీ అంతకు ముందు రోజు ఇంకో చోటికి వెళ్లాం. అక్కడ ఆరోగ్య ప్రశ్నల కాగితం చదవనివ్వకుండానే ‘సంతకం పెట్టేయండి మేడమ్, అన్నీ నో’ అన్నారు. నాకు బీపీ ఉంది. అక్కడి నుంచి లేచి వచ్చేశాం. మీరు చోటు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అదే. ఉబ్బసం ఉందా, సైనస్ ఉందా, చెవి ఆపరేషన్ అయ్యిందా అని ఓపికగా అడిగే చోటికే పంపండి. డాక్టర్ సంతకం తెమ్మంటే సంతోషించండి.

‘ఆడపిల్ల’ అన్న చుట్టాలకి ఒక్క సంగతి చెప్పండి చాలు. 1970లో అమెరికా శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ నాయకత్వంలో అయిదుగురు ఆడవాళ్లు సముద్రం అడుగున కట్టిన గదిలో రెండు వారాలు కాపురం ఉండి పరిశోధన చేశారు. 1979లో అదే సిల్వియా హవాయి దగ్గర ప్రత్యేకమైన కవచం వేసుకుని 381 మీటర్ల లోతున సముద్రపు నేల మీద నడిచింది.

బతుకుతెరువు మాటకొద్దాం. నిజం చెప్పాలంటే మన దేశంలో నీటి అడుగున సినిమా తీయడం ఒక్కటే చేసి ఇల్లు గడుపుకునేవాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది డైవింగ్ నేర్పుతారు, లేదా పరిశోధన ప్రాజెక్టులకి పనిచేస్తారు, మధ్యలో కెమెరా పట్టుకుంటారు. కెమెరా సామాను ఖరీదు, ఉప్పునీటికి పాడవుతుంది. అందుకే చదువు వదలొద్దని నేను గట్టిగా చెబుతాను. అదృష్టం ఏమిటంటే బైపీసీ ఈ పనికి అడ్డు కాదు, పునాది. ఈఏపీసెట్ రాసి బీఎఫ్‌ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ, నాలుగేళ్లు చదవచ్చు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది. జువాలజీతో బీఎస్సీ చేసి, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ పీజీకి వెళ్లొచ్చు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకి విశాఖలోనూ కేంద్రం ఉంది. చేప పేరు, అది ఏం తింటుంది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది తెలిసినవాళ్లు తీసిన వీడియోకీ, తెలియనివాళ్లు తీసినదానికీ చాలా తేడా ఉంటుంది. లాంగ్ టర్మ్ మాత్రం బలవంతం చేయకండి. మనసు లేని పిల్లని ఇంకో ఏడాది హాస్టల్ గదిలో కూర్చోబెట్టడం నీటి కంటే ఎక్కువ భయపెడుతుంది నన్ను.

సముద్రం మాట సెలవుల్లో చూద్దాం. డైవింగ్ నేర్చుకోవడానికి మన దగ్గరి తీరం పనికిరాదు. కృష్ణ తెచ్చి పోసే ఒండ్రుతో నీరు మసక, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. సూర్యలంకలో సరదాగా దిగి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం, అక్కడ ప్రయోగాలు వద్దేవద్దు, కృష్ణలో అసలే వద్దు. విశాఖలో నేర్పేవాళ్లు ఉన్నారు, పుదుచ్చేరిలో ఉన్నారు, అండమాన్ నీరు అద్దంలా ఉంటుంది. అది పరీక్షలయ్యాక, ఈత ఇంకా గట్టిపడ్డాక. ఈలోపు కెమెరా ఒడ్డు మీదే నేర్చుకోవచ్చు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు సూర్యలంక, హంసలదీవి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి, కంచె లోపల పొదగబెట్టి, పిల్లల్ని సముద్రంలో వదులుతారు. వాళ్ల అనుమతితో వెళ్లి, తెల్లవారుజామున, ఫ్లాష్ వేయకుండా తీయాలి. నిజాంపట్నం రేవులో వల దులిపేటప్పుడు ఏమేం పడ్డాయో తీయాలి. బెస్తవాళ్లు లోతుని బారల్లో చెబుతారు, వాళ్లతో మాట్లాడితే ఏ పుస్తకంలోనూ లేని సంగతులు తెలుస్తాయి. నెలకో మూడు నిమిషాల వీడియో పూర్తిచేసి చూపించమనండి. ఆరు నెలలు ఆపకుండా చేసిందంటే అది మోజు కాదు.

మీకూ ఒక పని. అమ్మాయి ఈతకి వెళ్లే పూల్ దగ్గరికి ఒక్కరోజు మీరూ వెళ్లండి. దిగక్కర్లేదు. మెట్టు మీద కూర్చోండి. సిమోన్ నీటి పైన ఉండి కింద ఉన్న మనిషిని చూస్తూ ఉందని చెప్పాను కదా. మీరు గట్టు మీద ఉండటం తప్పు అనే ఇన్నాళ్లూ అనుకున్నారు. జాగ్రత్త తెలిసిన డైవర్లు పైన ఉండి చూసే మనిషిని పెట్టుకునే దిగుతారు.

తర్వాతి ఆదివారం షెడ్డు కట్టేశాక, అమ్మాయిని పిలిచి బల్ల మీద పాత రెడ్యూసర్ ఒకటి విప్పండి. స్ప్రింగు ఏది, సీటు ఏది, డయాఫ్రమ్ ఎటు కదులుతుంది, అది చిల్లి పడితే ముందుగా ఏం గమనిస్తారు, అన్నీ చూపించండి. ప్రశ్నలు ఆ పిల్లని అడగనివ్వండి. చివర్లో స్క్రూ డ్రైవర్ తన చేతికిచ్చి, మళ్లీ బిగించమనండి.